మూలన పడుకోబెట్టిన గ్లాసు

సెంటర్‌లైన్ గారింట్లో గొడవ మొదలైంది బోర్డు వల్ల కాదు, బావమరిది నుదుటి వల్ల.

సెంటర్‌లైన్ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో, డ్రాయింగు ఆఫీసులో, తోటివాళ్ళు ముద్దుగా తగిలించిన పేరు. కాగితం మీద ఏది గీయాలన్నా ముందు నడిమధ్యన ఒక గీత గీసుకుని, అటెంతో ఇటంతే ఉందని తేల్చుకుంటేగానీ ఆయన పెన్సిలు ముందుకి కదిలేది కాదు. ఆ జబ్బు ఆఫీసుతో ఆగినా బాగుండేది. ఇంట్లో మంచం గదికి నడిమధ్యన ఉండాలి, కంచం బల్లకి నడిమధ్యన ఉండాలి. పెళ్ళి ఫొటో తీస్తుంటే కొత్త పెళ్ళికూతుర్ని భుజం పట్టుకుని రెండంగుళాలు పక్కకి జరిపాడని ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళకి చెబుతుంది. ఫొటోలో మాత్రం ఇద్దరూ సమానంగానే పడ్డారు.

ఫ్యాక్టరీకి కంప్యూటర్లొచ్చి, పెద్దపెద్ద డ్రాయింగు బోర్డులన్నీ తుక్కులోకి వెళ్తుంటే, సెంటర్‌లైన్ గారు రిటైరవుతూ తన బోర్డుని మాత్రం బతిమాలుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. తలుపంత చెక్క, దానికింద ఇనప స్టాండు, వెనకాల తీగలకి వేలాడే బరువు, పైకీ కిందకీ జరపడానికి కాలితో నొక్కే మీట. ముందుగదిలో కిటికీ దగ్గర, గది వెడల్పుకి సరిగ్గా నడిమధ్యన, దాన్ని నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు బోర్డుకి అవతల కూర్చునేవాళ్ళు. టీ ఇవ్వాలంటే ఇల్లాలు అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి తొంగిచూసి ఎవరెక్కడున్నారో లెక్క కట్టుకోవాలి.

ఒక ఆదివారం ఆవిడ తమ్ముడొచ్చాడు. మాటల్లో పడి కాలు చాపాడు. కాలు మీట మీద పడింది. బోర్డు దిగ్గున లేచింది. దాని మూల వచ్చి బావమరిది నుదుటిని ఠంగుమని తాకింది.

సెంటర్‌లైన్ గారు పరుగున వచ్చి, వంగి, కళ్ళజోడు పైకెత్తి, బోర్డు మూలని వేలితో తడిమి చూశాడు.

"అంచుకేం కాలేదు" అని అందరికీ ధైర్యం చెప్పాడు.

"దానికేం కాలేదులెండి. అయ్యింది మా తమ్ముడికి" అంది ఇల్లాలు.

బావమరిది నుదుటిమీద బొప్పి కట్టింది. అది నుదుటికి సరిగ్గా నడిమధ్యన లేదని సెంటర్‌లైన్ గారికి అనిపించింది గానీ, పైకి అనలేదు. ఆ మాత్రం లోకజ్ఞానం ఆయనకీ ఉంది.

తమ్ముడు వెళ్ళాక ఆవిడ తీర్పు చెప్పింది. వంటగదిలో బల్ల కాలు ఊగుతోంది, సామాను పెట్టుకునే చోటులేక సగం గిన్నెలూ డబ్బాలూ వెనక వరండాలో కాపురం చేస్తున్నాయి, మంచి వంటబల్ల ఒకటి చేయించమని ఏళ్ళ తరబడి అడుగుతోంది. ఇక అడగదలుచుకోలేదు.

"నాకు వంటబల్ల చేయించండి. గీసేది మీరే. ఆ బల్ల ఇంట్లోకొచ్చిన రోజున ఈ బోర్డు ముందుగదిలోంచి కదలాలి. కదిపి దాన్ని..."

ఆవిడ మాటకి రెండో ముక్క ఉంది. సెంటర్‌లైన్ గారు దానికోసం ఆగలేదు. మొదటి ముక్కకే గుండెల్లో రాయిపడి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. వీధిలో పాత ఇనుము కొనే మనిషి బండి ఆపుకుని, కిటికీలోంచి కనబడే బోర్డు స్టాండుని కళ్ళతోనే తూకం వేస్తున్నాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆయన బాధా అబద్ధం కాదు. ఆ బోర్డు మీద గీసిన పంపులు ఎక్కడెక్కడో ఊళ్ళకి నీళ్ళు తోడిపోస్తున్నాయి. ఆ నీళ్ళు తాగేవాళ్ళెవరికీ ఆయన తెలియదు. ఆయన పేరు ఉన్నదల్లా కాగితాల అడుగున, కుడిమూల, 'గీసినది' అని ఉండే చిన్న గడిలో. బోర్డు వెళ్ళిపోతే తనెవరో తనకే గుర్తు చేసేది ఇంట్లో ఇంకేమీ మిగలదని ఆయన భయం.

భయంలోంచే ఉపాయం పుట్టింది. బల్ల రావాలంటే డ్రాయింగు కావాలి. డ్రాయింగు పూర్తవ్వాలంటే తను పూర్తి చెయ్యాలి. తను పూర్తి చెయ్యకపోతే? ఆ ప్రశ్న తట్టాక ఆయనకి ఆ పూట టీ అమృతంలా అనిపించింది.

మర్నాడే టేపు పట్టుకుని వంటగదిలోకి దిగాడు. గోడ కొలిచాడు, కిటికీ కొలిచాడు, పాలగిన్నె పట్టుకుని నిలబడ్డ ఇల్లాలి మోచేయి నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలిచాడు. పాలు పొంగాయి. పొంగినంత మేరా కొలిచి రాసుకున్నాడు.

ఆవిడ కోరికలు ఎక్కువేం కావు. బల్ల కిటికీ కింద గోడకి ఆనుకుని ఉండాలి. కింద జరిపే తలుపులుండాలి. సొరుగులు మాత్రం ముందువైపు వద్దు. తెరిచిన ప్రతిసారీ పొట్టకి తగులుతాయి, వెనక్కి అడుగేయాలి. బల్లకి పక్కనుంచి తెరుచుకునేలా పెట్టమంది. రెండు కొసల్లో ఏ కొసన అని ఆయన అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

"నేనెలా పనిచేస్తానో ఇన్నేళ్ళుగా చూస్తున్నారుగా. చూసి గీయండి" అని మాత్రం అంది.

ఆయన చూశాడు. అంటే, ఆఫీసు అలవాటులో చూశాడు. కాగితం మీద 'ఆపరేటరు మోచేయి ఎత్తు' అని రాశాడు. 'ఆపరేటరు నిలబడు చోటు' అని రాశాడు. ఆపరేటరంటే కుడిచేతి మనిషని ఆయన ఆఫీసులో గోడమీదే రాసి ఉండేది. సొరుగులు కుడి కొసకి వాటంతటవే వెళ్ళిపోయాయి.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ఈ ఆపరేటరెవరండీ?"

"నువ్వే."

"జీతమెంత?"

దానికి కొలత లేదు కాబట్టి సెంటర్‌లైన్ గారు జవాబు రాయలేదు.

అక్కడినుంచి మార్పులు మొదలయ్యాయి. డ్రాయింగులో మార్పు జరిగినప్పుడల్లా మూలన ఒక అక్షరం వేయడం వాళ్ళ వృత్తిలో పద్ధతి. మొదటి మార్పు బల్ల కాళ్ళ లావు. రెండోది ఆ లావు తగ్గించడం. తరవాత మళ్ళీ మొదటి లావే మంచిదని తేలింది. ఒక్కొక్క మేకునీ విడిగా పెద్దది చేసి గీశాడు. బల్లని నిలువునా కోస్తే ఎలా ఉంటుందో గీశాడు, అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో గీశాడు. ఇంకా చేయించనైనా చేయించని బల్లని ఇన్ని రకాలుగా కొయ్యడమెందుకని ఆవిడ అడిగింది. లోపలేముందో తెలియడానికి అన్నాడు. లోపల గిన్నెలుంటాయంది. అక్షరాలు సగానికి పైగా ఖర్చయిపోయాయి, బల్ల మాత్రం కాగితం దిగలేదు.

ఆవిడకి అర్థం కాకపోవడానికి ఆవిడేమైనా కొత్తకోడలా? ఒకరోజు పొద్దున్న ఆయన బోర్డు దగ్గరికొచ్చేసరికి పెన్సిలుంది, స్కేలుంది, రబ్బరు లేదు. ఇల్లంతా వెతికాడు. సోఫా కింద పడుకుని వెతికాడు.

"ఏమోయ్, రబ్బరు చూశావా?"

"చూశాను. దాచాను."

"రబ్బరు లేకపోతే తప్పులెలా దిద్దేది?"

"తప్పులు లేకుండా గీయండి. ఈ ఆదివారానికల్లా కాగితం నా చేతికివ్వండి" అంది ఆవిడ, చాలా శాంతంగా.

రబ్బరు లేని డ్రాఫ్ట్స్‌మన్‌కి మార్పులు చేసే వీల్లేదు. తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడాయన జీవితంలో ఎన్నడూ చేయని పనికి ఒడిగట్టాడు.

ఆ పనేమిటో చెప్పాలంటే చిన్న పాఠం చెప్పాలి, భయపడకండి. ఏ వస్తువునైనా ఎదురుగా చూసినట్టు ఒక బొమ్మ, పక్కనుంచి చూసినట్టు ఒక బొమ్మ గీస్తారు. గొడవంతా ఆ రెండోదాన్ని ఎక్కడ గీస్తారన్న దగ్గరుంది. సెంటర్‌లైన్ గారి ఆఫీసులో కుడివైపు నుంచి చూసిన బొమ్మని ఎడమపక్కన గీస్తారు. అదేం విడ్డూరమని అడగకండి, వాళ్ళ పద్ధతి అది. ఇంకొన్నిచోట్ల కుడివైపు బొమ్మని కుడిపక్కనే గీస్తారు. ఏ పద్ధతో తెలియడానికి కాగితం మూలన ఒక గుర్తు వేస్తారు: గ్లాసుని పడుకోబెట్టినట్టు ఒక బొమ్మ, దాని పక్కన గుండ్రటి మూతి. మూతి ఏ పక్కన పడిందన్నదాన్ని బట్టి చదివేవాడు మొత్తం బొమ్మని అర్థం చేసుకుంటాడు. ఆ గుర్తు లేకపోతే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది.

ఆయన కొత్త కాగితం మీద బల్లంతా శుభ్రంగా గీశాడు. ఎదురుబొమ్మ మధ్యన, సొరుగులున్న పక్కబొమ్మ తన పద్ధతి ప్రకారం ఎడమన. మూలన గ్లాసు మాత్రం వెయ్యలేదు. లోపలి సొరుగులు ఎంతదూరం ఉన్నాయో తెలిపే చుక్కల గీతలు ఎదురుబొమ్మలో ఉండాలి, అవీ మింగేశాడు.

ఎంచుకున్న వడ్రంగి కూడా సామాన్యుడు కాదు. ఊళ్ళో అతన్ని ఎల్లుండి మేస్త్రి అంటారు. ఎప్పుడడిగినా ఎల్లుండే. ఒకాయన మనవరాలికి ఉయ్యాల చేయమంటే, అది వచ్చేసరికి ఆ పిల్ల అందులో బడిపుస్తకాలు పెట్టుకుంది. పైగా మేస్త్రి పని నేర్చుకున్నది కుర్చీలూ బీరువాలూ చేసే కార్ఖానాలో. అక్కడ రెండో పద్ధతి. అతని కొట్లో గోడకి అంటించిన కాగితాల మీద సెంటర్‌లైన్ గారు కళ్ళారా చూశాడు. ముందు ఆలస్యం చేస్తాడు, తరవాత సొరుగులు తప్పుకొసన పెడతాడు, ఆవిడ వెనక్కి పంపుతుంది, మళ్ళీ డ్రాయింగు, మళ్ళీ ఎల్లుండి. ఈలోపు బోర్డు కిటికీ దగ్గరే.

ఆదివారం కాగితం ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. అడుగున ఉన్న గడుల దగ్గర ఆగింది.

"'గీసినది' అన్నచోట మీ పేరుంది. 'సరిచూసినది' అన్నచోట ఖాళీగా ఉందేం?"

"ఇంటి పనికి అదక్కర్లేదు" అన్నాడు, కిటికీ బయటికి చూస్తూ.

ఆఫీసులో ఆ గడి నిండకుండా కాగితం గుమ్మం దాటేది కాదు. సరిచూసే పెద్దాయన ఎర్ర పెన్సిలు పట్టుకుని ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టి అడిగేవాడు. ఆ ఎర్ర పెన్సిలు ఇప్పుడు ఎక్కడినుంచో తనమీదికి దిగుతున్నట్టు సెంటర్‌లైన్ గారికి వీపు చురుక్కుమంది. ఆవిడ మాత్రం ఇంకేమీ అడక్కుండా కాగితం చుట్ట చుట్టి, మేస్త్రికి తనే ఇచ్చి వస్తానని బయల్దేరింది.

ఉపాయం పారినందుకు ఆయన హాయిగా ఉండాలి. ఉండలేకపోయాడు. మర్నాటినుంచి ఆవిడ వంటగది సర్దడం మొదలెట్టింది. పాత బల్ల మీదున్న డబ్బాలు తుడిచింది, ఏది ఎక్కడ పెట్టాలో తనలో తనే అనుకుంటూ తిరిగింది. మధ్యాహ్నమయ్యేసరికి అల్లిక సంచీ పట్టుకుని ఎక్కడికో వెళ్ళొచ్చేది. అల్లుకోవడానికి తోడు దొరికిందని చెప్పింది. ఒకరోజు గోడ మీదుగా పక్కింటావిడతో మాట్లాడుతుంటే ఆయన చెవిన పడింది.

"ఈయన ఇన్నేళ్ళూ ఊరందరికీ గీశారు వదినా. నాకోసం గీసింది ఇదే మొదటిది."

అంతే అంది. మామూలుగానే అంది. కానీ సెంటర్‌లైన్ గారు చేతిలో పేపరు పట్టుకుని కదలకుండా కూర్చుండిపోయాడు. నిజమే. పంపు రెక్కకి గీశాడు, గొట్టం మూతికి గీశాడు, ఆ మూత బిగించే బోల్టుకీ గీశాడు. ఈ మనిషికి గీసిన మొదటి కాగితం ఇది. అందులో కావాలని తప్పు పెట్టాడు.

సిగ్గేసింది. ఆ సిగ్గుకి బోర్డు కూడా అడ్డు రాలేదు. ఉంటే ఉంటుంది, పోతే పోతుందని అప్పటికప్పుడు లేచి ఇంకో కాగితం బిగించాడు. రబ్బరు లేదు కాబట్టి ఊపిరి బిగబట్టి గీశాడు. చుక్కల గీతలన్నీ వేశాడు, మూలన గ్లాసు పడుకోబెట్టాడు, సొరుగులు కుడి కొసన అని పెద్దక్షరాలతో రాశాడు. ఎల్లుండి మేస్త్రి ఇంకా చెక్క కూడా కొని ఉండడన్న ధైర్యంతో కాగితం చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా తోపుడుబండి వస్తోంది. బండి మీద గుడ్డ కప్పిన పొడుగాటి బల్ల. బండి తోస్తున్నది ఎల్లుండి మేస్త్రి.

తరవాత తేలిందేమిటంటే, ఇల్లాలు రోజూ మధ్యాహ్నం అల్లిక సంచీతో వెళ్ళింది మేస్త్రి కొట్టుకే. ఎదురుగా స్టూలేసుకుని కూర్చుని అల్లుకునేది. పల్లెత్తు మాట అనేది కాదు. మేస్త్రి చేయి ఆగితే ఆవిడ చేయీ ఆగేది, తలెత్తి చూసేది. ఆ చూపు భరించలేక మేస్త్రి జీవితంలో మొదటిసారి చెప్పిన రోజుకి పని ముగించాడు. అతని పెళ్ళాం అది నమ్మలేక కొట్టుకొచ్చి చూసిపోయిందట.

"సొరుగులు ఏ కొసన పెట్టావయ్యా?" అన్నాడు సెంటర్‌లైన్ గారు బండికి అడ్డంపడి.

"కాగితంలో ఉన్న కొసనే. ఎడమ."

"అది తప్పు. వెనక్కి తిప్పు."

"వెనక్కి తిప్పితే మళ్ళీ ఎల్లుండవుద్ది బాబుగారూ. అమ్మగారి చూపు మీకు తెలీదు" అన్నాడు మేస్త్రి.

ఆ చూపు తనకి తెలియకపోవడమేమిటి అనుకుంటూనే ఆయన బండి ముందుభాగం పట్టుకుని వెనక్కి తోశాడు. మేస్త్రి ముందుకి తోశాడు. వీధిలోవాళ్ళు చూశారు. పాపం, పెద్దాయన బరువు లాగలేక ఆయాసపడుతున్నాడని నలుగురూ వచ్చి తలో చేయీ వేశారు. బండి ఆయన్ని కూడా తీసుకుని రయ్యిమని గుమ్మం ముందు ఆగింది. అందరూ ఆయన భుజం తట్టి వెళ్ళిపోయారు. ఆయన అందరికీ థాంక్స్ చెప్పాల్సి వచ్చింది.

బల్ల మొయ్యడానికి బావమరిది ముందే వచ్చి ఉన్నాడు, ముందుజాగ్రత్తగా నుదుటిమీద ప్లాస్టరుతో. బల్ల ముందుగదిలోకి వచ్చింది గానీ అక్కణ్ణుంచి కదలదు. నడిమధ్యన బోర్డు. పైకి లేపితే కిందనుంచి పోతుందేమోనని మేస్త్రి అన్నాడు. బోర్డుని ఎవరూ ముట్టుకోవద్దు, తనే లేపుతానని సెంటర్‌లైన్ గారు వంగి తీగలు సరిచూస్తున్నాడు. బావమరిది సాయం చేద్దామని కాలు ముందుకి పెట్టాడు. కాలు మీట మీద పడింది.

ఠంగుమంది.

ఇల్లాలు వంటగదిలోంచి వచ్చింది. కింద కూర్చుని నుదురు పట్టుకున్న మొగుణ్ణి చూసింది. బోర్డు దగ్గరికెళ్ళి, దాని మూలని వేలితో తడిమి చూసింది.

"అంచుకేం కాలేదండీ" అంది.

కాసేపటికి బల్ల కిటికీ కింద కూర్చుంది, సామాను అందులోకి చేరింది. సెంటర్‌లైన్ గారు గుడ్డలో మంచుముక్క చుట్టి నుదుటికి అదుముకుని వంటగది గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నాడు. ఇప్పుడావిడ సొరుగు కోసం కుడివైపు చేయి చాస్తుంది, దొరకదు, వెనక్కి తిరిగి తనని చూస్తుంది. అప్పుడు చెప్పేయాలి, అంతా చెప్పేయాలని మాటలు కూడగట్టుకుంటున్నాడు.

ఆవిడ బల్ల ముందు నిలబడింది. ఎడమచేయి చాచింది. సొరుగు మెత్తగా తెరుచుకుంది. ఎడమచేత్తో కత్తి తీసింది. కుడిచేత్తో ఉల్లిపాయ అదిమిపట్టి, ఎడమచేత్తో టకటకా తరిగింది. మళ్ళీ ఎడమచేత్తో గరిట తీసింది. ఒక్కసారైనా తిరగలేదు, వంగలేదు, ఒళ్ళు మెలి తిప్పలేదు.

ఆవిడది ఎడమచేతి వాటమని ఆయనకి తెలియదా? తెలుసు. మన వీపు మనకుందని తెలిసినట్టు తెలుసు. పాత బల్ల దగ్గర కుడిపక్కనున్న సొరుగు కోసం ఆవిడ రోజుకి ఎన్నిసార్లు కత్తి కింద పెట్టి, నడుం తిప్పి, అటు వంగి తీసుకునేదో ఇప్పుడు ఆయనకి ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగింది. మోచేయి ఎత్తు కొలిచాడు, అది ఏ చేతి మోచేయో చూసుకోలేదు.

ఆవిడ కత్తి పక్కన పెట్టి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. కళ్ళలో తడుంది. ఉల్లిపాయ వల్లేనేమో.

"ఇన్నేళ్ళకి నా చేతికి అందేట్టు ఒక వస్తువొచ్చింది ఈ ఇంట్లోకి. మీ మేలు మరిచిపోను" అంది, తమ్ముడూ మేస్త్రీ వింటుండగానే.

తేలుకుట్టిన దొంగలా కూర్చోవచ్చు. చాలామంది మొగుళ్ళు అలాగే కూర్చుంటారు. సెంటర్‌లైన్ గారు కూర్చోలేకపోయాడు.

"నేను నీ చేతిని చూసి గీయలేదు" అన్నాడు. "కుడి కొసనే అనుకున్నాను. మేస్త్రి తప్పు చెయ్యాలని, బల్ల వెనక్కి పోవాలని, గుర్తు వెయ్యకుండా ఇచ్చాను. బోర్డు పోతుందని భయం. నాకు థాంక్స్ చెప్పకు."

ఆవిడ మేస్త్రి వైపు చేయి చాచింది. మేస్త్రి చెవి వెనకనున్న పెన్సిలు సర్దుకుని, జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. అది ఆయన గీసిన డ్రాయింగే. మూలన, ఆయన ఖాళీగా వదిలేసినచోట, ఒక గ్లాసు పడుకుని ఉంది. పక్కన గుండ్రటి మూతి, మేస్త్రి కార్ఖానా పద్ధతిలో ఎక్కడుండాలో అక్కడే. గీతలు కాస్త వంకర, ఎడమచేత్తో గీసినట్టు అటువైపు వాలి ఉన్నాయి. అడుగున 'సరిచూసినది' అన్న గడిలో ఆవిడ సంతకం.

"ఈ గ్లాసు సంగతి నీకెలా తెలుసు?"

"పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారుగా. పక్కింటి కొత్తజంట సినిమాకెళ్తుంటే, మీరు నన్ను కూర్చోబెట్టి, టీ గ్లాసు బల్ల మీద పడుకోబెట్టి, కుడినుంచి చూస్తే ఎడమన గీస్తారు, కొందరు కుడినే గీస్తారు అని పొద్దుగూకేదాకా చెప్పారు. టీ మొత్తం నా చీరమీద ఒలికింది. మరిచిపోతానా?"

ముందు డ్రాయింగుల్లో సొరుగులు కుడి కొసన ఉండడం ఆవిడ చూస్తూనే ఉంది. ఆయనంతట ఆయనే గమనిస్తాడేమోనని ఎదురుచూసింది. ఆఖరి కాగితంలో గ్లాసు మాయమైందని చూడగానే సంగతంతా అర్థమై, దారిపొడుగునా నవ్వుకుంటూ కొట్టుకెళ్ళింది. తప్పు జరగాలని ఆయన వదిలేసిన ఖాళీలో తనకి కావలసింది గీసుకుంది.

సెంటర్‌లైన్ గారు ఆ వంకర గ్లాసుని చూస్తూ ఉండిపోయాడు. తను చెప్పినదాన్ని అంత శ్రద్ధగా విని, ఇన్నేళ్ళు దాచుకున్న మనిషి ఆఫీసులో కూడా లేడు. ఆ మనిషి ఇంట్లో ఉంది. మనసు నిండిపోయింది. తన ఉపాయం పారనందుకు ఇంత సంతోషం కలుగుతుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"సరే, మాట మాటే. పాత ఇనుము కొనే అతన్ని పిలుస్తాను" అన్నాడు లేస్తూ.

"అతన్నెందుకు?"

"బోర్డు కదలాలన్నావుగా."

"కదిలి వెనక వరండాలోకి రావాలన్నాను. అనబోయాను. మీరు సగం విని చెప్పులేసుకున్నారు."

ఆవిడ ఆయన చేయి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళింది. గిన్నెలూ డబ్బాలూ కొత్త బల్లలోకి వెళ్ళిపోయి, వరండా ఖాళీగా, ఊడ్చి, తుడిచి ఉంది. పొడుగునా అద్దాలు. ఎండ తగలని, కళ్ళకి హాయినిచ్చే వెలుతురు నేలంతా పరుచుకుని ఉంది. డ్రాఫ్ట్స్‌మన్ కలలోనైనా కోరుకోదగ్గ వెలుతురు. ముందుగది కిటికీ దగ్గర ఆయన కళ్ళు చిట్లించుకుని గీయడం ఆవిడ ఎన్నాళ్ళనుంచో చూస్తోంది. నేలమీద సుద్దముక్కతో బోర్డు చోటు గుర్తుపెట్టి ఉంది, వరండాకి సరిగ్గా నడిమధ్యన. మీట మీద కప్పడానికి మేస్త్రి చేత ఒక చెక్క మూత కూడా చేయించింది. మా తమ్ముడు వస్తూపోతూ ఉంటాడు కదా అంది.

సెంటర్‌లైన్ గారు సుద్దగీత ముందు నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వుండబట్టి సరిపోయింది" అన్నాడు చివరికి. ఎన్నాళ్ళుగానో తెలిసిన మాటే, పైకి అనడం మాత్రం ఇదే మొదటిసారి.

"అదే నేనూ అనుకుంటూ ఉంటాను" అందావిడ.

సాయంత్రానికి బోర్డు వరండాలో నిలబడింది. ఆవిడ టీ తెచ్చి, కొంగు ముడి విప్పి, అందులోంచి రబ్బరు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన మేస్త్రి దగ్గరి కాగితం బిగించి, రబ్బరు తీసుకుని, 'గీసినది' అన్న గడిలో తన పేరు చెరపబోయాడు. ఈ బల్ల గీసింది తను కాదు, పెన్సిలు నువ్వు పట్టుకో అని ఆవిడ ఎడమచేతి వైపు చాచాడు.

ఆవిడ పెన్సిలు తీసుకుని, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది.

"ఆ పేరు అక్కడే ఉండనివ్వండి. ముందు మీరు మింగేసిన చుక్కల గీతలు వేయండి. సంతకం పెట్టాను, రేపెవరైనా చూస్తే సరిచూసినవాళ్ళకి మాటొస్తుంది."

ఆయన పెన్సిలు చెక్కుకుని వేయడం మొదలెట్టాడు, ఒక్కొక్కటే, ఎడమ కొసనుంచి.